వార్షిక కార్యకలాపాల నివేదిక: లిబరేటర్ నిలబడిన ఏడాది

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

మన నమూనా విమానాల సంఘం సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి ఏటా నివేదిక చదివి వినిపించాలని మన నిబంధనావళి చెబుతోంది. కిందటి ఏడు ఆ పని రెండు పేజీల్లో ముగించాను. ఈసారి అంతలో కుదరలేదు. కారణం ఆ మూల బల్ల మీద, తెల్లగుడ్డ కింద ఉంది. గుడ్డ నివేదిక అయ్యాకే తీస్తాం. ముందే తీస్తే నేను చదివేది ఎవరూ వినరని నాకు తెలుసు.

ముందు మామూలు విషయాలు. 12 నెలవారీ సమావేశాల్లో 11 జరిగాయి. జరగని ఆ ఒక్కటీ తాళంచెవి దగ్గరున్న సభ్యుడు రాకపోవడం వల్ల ఆగింది. ఆ రోజు గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగిన ఏడుగురికి క్షమాపణలు. కొత్తవారికి మూడు తరగతులు పెట్టాం: స్ప్రూ (భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి భాగాలు కోయడం, అతుకు గీత కనిపించకుండా పుట్టీ పెట్టి రుద్దడం, ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) వాడడం. మూడో తరగతికి చాలామంది వచ్చారు కానీ, ఎయిర్‌బ్రష్ విప్పి కడిగే వేళకు పిల్లలు తప్ప ఎవరూ మిగలలేదు. ప్రస్తుత సభ్యుల సంఖ్య 46. చందా కట్టినవారి సంఖ్య కోశాధికారి చెబుతారు.

ఇక అసలు సంగతి.

యుద్ధకాలపు నాలుగు ఇంజిన్ల బాంబరును 1:32 కొలతలో, అంటే అసలులో 32వ వంతు నమూనాగా, సంఘం తరఫున కట్టాలని కిందటి సర్వసభ్య సమావేశంలో తీర్మానించాం. ఏ బాంబరు అన్న దగ్గర గంటన్నర గడిచింది. లాంకాస్టర్ కావాలన్నవారు, బీ-17 కావాలన్నవారు గట్టిగానే వాదించారు. చివరికి బీ-24 లిబరేటర్ రెండు ఓట్ల తేడాతో నెగ్గింది. ఓడిన పక్షం వారు దాన్ని ఇప్పటికీ "ఎగిరే సరుకు పెట్టె" అంటున్నారు. యుద్ధకాలంలోనే దానికి ఆ పేరు పడింది కాబట్టి నేను తప్పుపట్టను. పలకబారిన పక్కలు, వెనుక రెండు నిలువు తోకలు. అందగత్తె కాదు, ఒప్పుకుంటాను. కానీ రెక్క మాట వేరు. డేవిస్ రెక్క అని పేరు పడిన ఆ సన్నని, పొడుగాటి రెక్కే దాన్ని అంత దూరాలు మోసింది. 1939 డిసెంబరు 29న మొదటిసారి ఎగిరింది. 18 వేలకు పైగా తయారయ్యాయి. అమెరికా సైనిక విమానాల్లో ఏ రకాన్నీ ఇన్ని కట్టలేదు. అమెరికాలోని విల్లో రన్‌లో ఫోర్డ్ కర్మాగారం జోరుగా నడిచిన రోజుల్లో గంటకో విమానం బయటికి వచ్చేది. మనకు ఒక్కటి బయటికి రావడానికి 38 ఆదివారాలు పట్టింది.

నా ఓటు దానికే వేయడానికి కారణం మాత్రం విల్లో రన్ కాదు, కాన్పూరు. యుద్ధం ముగిశాక బ్రిటిష్ వారు తాము వాడిన లిబరేటర్లను మళ్లీ ఎగరకుండా పాడుచేసి అక్కడ పడేసి వెళ్లారు. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ ఆ గుట్టల్లోంచి పనికొచ్చేవి ఏరి, అక్కడికక్కడ ఎగరగలిగేంతగా బాగుచేసింది. సంస్థ టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని బెంగుళూరుకు ఎగరేసుకు వచ్చారు. అక్కడ పూర్తిగా బాగుచేసి వాయుసేనకు అప్పగించారు. అలా నలభైకి పైగా విమానాలకు ప్రాణం పోశారు. 1948 నవంబరులో వాటితోనే 5వ స్క్వాడ్రన్ మొదలైంది. ఆఖరి లిబరేటర్లు 1968 దాకా సముద్రం మీద గస్తీ తిరిగాయి. ఇవాళ ప్రపంచంలో మిగిలిన కొద్ది లిబరేటర్లలో చాలావాటి పూర్వాశ్రమం మన వాయుసేనే. ఇంగ్లండులో రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉన్నదీ ఇక్కడినుంచి వెళ్లినదే. అరిజోనాలోని పీమా మ్యూజియంలో ఉన్నది 1969లో ఇక్కడి నుంచి ఎగిరి వెళ్లింది. మన దగ్గర ఉన్నంతకాలం దాని సంఖ్య హెచ్‌ఈ 877. మనం కట్టింది దాన్నే.

తీర్మానం నాడు పనికి వస్తామని 14 మంది చేయెత్తారు. పేర్లు రాసుకున్న కాగితం నా దగ్గర ఉంది, ఇక్కడ చదవను. మొదటి ఆదివారం 11 మంది వచ్చారు, పెట్టె తెరిచి ఫొటోలు తీసుకున్నారు. రెండో ఆదివారం ఆరుగురు. నాలుగో వారం నుంచి చివరిదాకా ఐదుగురమే. తక్కినవారు మధ్యమధ్య ఫోను చేసి "ఎంతదాకా వచ్చింది?" అని అడిగారు. వారి ఆసక్తికి ధన్యవాదాలు.

బీ-24ను కట్టినవారెవరైనా మొదట చెప్పే మాట బరువు గురించే. దీనికి ముందు చక్రం ముక్కు కింద ఉంటుంది. వెనుక పొడుగాటి ఒళ్లు, రెండు తోకలు, తుపాకీ గూడు. ముక్కులో తగినంత బరువు పెట్టకపోతే బల్ల మీద పెట్టిన మరుక్షణం తోక మీద కూలబడుతుంది. ఒక సభ్యుడు గాలానికి కట్టే సీసపు గుళ్లు, తెల్ల జిగురు తెచ్చి పోయబోతుంటే ఉపాధ్యక్షుడు చేయి పట్టుకుని ఆపారు. సీసానికి తెల్ల జిగురు సరిపడదు. జిగురులోంచి వచ్చే ఆమ్లం సీసాన్ని తినేస్తుంది, తెల్లపొడి పేరుకుని ఉబ్బుతుంది, కొన్నేళ్లకు అతుకులు పగులుతాయి. ఆయన పాత మస్కిటో విమాన నమూనా ముక్కు అలాగే విచ్చుకుందట. ఆ విరిగిన మస్కిటోను మరుసటి వారం తెచ్చి చూపించారు కూడా. కాబట్టి ఉక్కు బేరింగు గుళ్లు, టంగ్‌స్టన్ ముద్ద వాడాం, వాటిని ఎపాక్సీ జిగురుతో పట్టించాం.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఒంటి సగాలను టేపుతో కలిపి, ముక్కుకు సంచీ కట్టి, అది ముందుకు ఒరిగేదాకా గుళ్లు వేస్తూ పోయి బరువు తేల్చాం. కాగితం మీద రాసింది నేనే. ఆ పరీక్ష నాటికి తోకలు, వెనుక తుపాకీ గూడు అతికించలేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు, ముఖ్యంగా నాకు. ఒళ్లు అతికి, పుట్టీ రుద్ది, అన్నీ బిగించాక చక్రాల మీద నిలబెడితే నిదానంగా, మర్యాదగా తోక మీద కూర్చుంది. ముక్కు గూడు రంధ్రంలోంచి పటకారుతో ఒక్కొక్క గుండూ దూర్చి, నావిగేటరు నేల కింద ఉన్న ఖాళీ నింపాం. అదీ చాలక నాలుగు ఇంజిన్ల మూతుల వెనుక ఉన్న చోటు వాడుకున్నాం. ఇంజిన్లు ప్రధాన చక్రాలకు ముందు ఉంటాయి కాబట్టి అక్కడి బరువు కూడా ముక్కు వైపే లాగుతుంది. ఆ ఉపాయం మన కళాశాల విద్యార్థి సభ్యుడిది. మూడు ఆదివారాలు నా లెక్కకు బలి.

బరువు పెరిగేసరికి ముందు చక్రం కాలు వంగింది. ప్లాస్టిక్కు అంత మోయలేదు. నగల పని చేసే మన సభ్యుడు ఆ కాలిని ఇత్తడితో మళ్లీ తయారుచేసి, కీళ్లు వెండి టంకంతో అతికారు. అసలు భాగం పక్కన పెడితే ఏది ఏదో గుర్తుపట్టలేం. ప్రధాన కాళ్లు కూడా ఆయన చేతివే. రెక్కలో ఇత్తడి గొట్టం దూలంగా వేసిందీ ఆయనే. అది లేకపోతే మీటరు దాటిన రెక్క ఏడాదిలో కిందికి వాలిపోయేది. బయటి ఇంజిన్లకు అవతలి రెక్క ముక్కలు ఆ గొట్టం మీదే జారి ఊడివస్తాయి. మోసుకెళ్లేటప్పుడు అది ఎంత సుఖమో రవాణా చేసినవారికే తెలుసు.

అద్దాల భాగాల విషయంలో ఒక దుర్ఘటన. పై తుపాకీ గూటిలో ఒక తుపాకీ ఊడితే ఎవరో సూపర్ గ్లూ చుక్క వేసి మూత పెట్టేశారు. తెల్లవారేసరికి గాజు లోపల మంచు పట్టినట్టు తెల్లబడింది. ఆ జిగురు ఆవిరి మూసిన చోట చేసే పనే అది. ఎవరన్నది నాకు తెలుసు, వారికీ తెలుసు. మన దంతవైద్య సభ్యుడు గూటిని విప్పి, పళ్లకు మెరుగు పెట్టే సన్నని బ్రష్షులతో రెండు సాయంత్రాలు కూర్చుని దాన్ని మళ్లీ గాజు చేశారు. ఆయన పనిముట్ల పెట్టె లేకపోతే ఈ విమానంలో సగం మూలలకు ఉప్పు కాగితం చేరేదే కాదు.

రంగు సంగతి విడిగా చెప్పాలి. మన లిబరేటర్లు రంగు వేయని అల్యూమినియం మెరుపుతో ఉండేవి. ఆ మెరుపు రావాలంటే ముందు నిగనిగలాడే నలుపు వేయాలి, దాని మీద లోహపు రంగు పలుచగా, పొరలు పొరలుగా కొట్టాలి. ఆకుపచ్చ మభ్యరంగులు పాపాలను దాచిపెడతాయి, లోహపు రంగు బయటపెడుతుంది. పుట్టీలో మిగిలిన ఒక్క గీత ఎడమ పక్కన అంగుళం పొడవున వెక్కిరించింది. ఆ పక్కంతా తీసేసి మళ్లీ వేశాం. రెండోసారి కంప్రెసర్‌లోని తేమ రంగుతో పాటు వచ్చి చుక్కలు పడ్డాయి, మళ్లీ తీశాం. మూడోసారి కుదిరింది. రేకులన్నీ ఒకే వన్నెలో ఉండవు కాబట్టి ఒక్కొక్క పలకకూ మాస్కింగ్ టేపు కట్టి వన్నె మార్చాం. చుక్కానులు, ఎలివేటర్లు, ఐలరాన్లు, అంటే విమానాన్ని తిప్పడానికి తోక, రెక్కల అంచుల్లో కదిలే పలకలు, అసలు విమానంలో గుడ్డ కప్పినవి. వాటికి లోహపు మెరుపు కాక, మందమైన వెండిరంగు వేశాం. దగ్గరకు వచ్చి చూస్తే ఆ తేడా కనిపిస్తుంది. దూరం నుంచి చూసి వెళ్లేవారి కోసం మేము పని చేయలేదు.

పెట్టెలోని డెకాళ్లు (నమూనా మీద అంటించే గుర్తులు) అమెరికా విమానానివి. అందుకని మన వాయుసేన గుర్తయిన వలయాలు స్టెన్సిల్ కోసి రంగుతోనే వేశాం. 1948 నుంచి 1950 దాకా తెలుపు మీద నీలి అశోకచక్రం ఉండేది, తరువాత కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాలు వచ్చాయి. మేము రెండోది ఎంచుకున్నాం. బయట కాషాయం, నడుమ తెలుపు, లోపల ఆకుపచ్చ. కుడి రెక్క మీద నేను, ఉపాధ్యక్షుడు కలిసి ఎంతో శ్రద్ధగా ఆకుపచ్చ బయట పెట్టి వేశాం. విద్యార్థి సభ్యుడు వచ్చి కాసేపు మౌనంగా చూసి, "సార్, ఇది వేరే దేశానిదా?" అని అడిగాడు.

రెండు రోజుల ప్రదర్శనకు హాలు కోసం సంబంధిత అధికారి దగ్గరకు నాలుగుసార్లు వెళ్లాం. మూడుసార్లు ఆయన లేరు. ఒకసారి ఉన్నారు, కానీ అర్జీ లేదు. బొమ్మలకు హాలు ఎందుకన్న ప్రశ్న కూడా విన్నాం. చివరికి ఒక పాఠశాల వారు రెండు గదులు ఇచ్చారు. వారికి సంఘం ఎప్పటికీ రుణపడి ఉంటుంది. రెండు రోజుల్లో ఆ గదుల్లో నిలబడడానికి చోటు లేకపోయింది. పిల్లలు మోకాళ్ల మీద కూర్చుని, బల్ల ఎత్తున కళ్లు పెట్టి బాంబుల అర తలుపులు చూశారు. ఆ తలుపులు బయటికి తెరుచుకోవు, రోలింగ్ షట్టరులా చుట్టుకుంటూ పక్కలకు ఎక్కుతాయి. ఆ ఒక్క విషయం నేను కనీసం వందసార్లు చెప్పి ఉంటాను. ఒక్కసారి కూడా విసుగు రాలేదు.

రెండో రోజు మధ్యాహ్నం ఎనభై దాటిన ఒకాయన మనవడి చేయి పట్టుకుని వచ్చారు. కుర్రతనంలో వాయుసేనలో నేల మీది సిబ్బందిలో పనిచేశారట. విమానం చుట్టూ ఒకసారి తిరిగారు, ఇంజిన్ల కింది టర్బోల (ఇంజిన్లలోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరాల) దగ్గర ఆగారు, వంగి తోక కింద చూశారు. "ఊతకర్ర ఏదీ?" అన్నారు. మాకు అర్థం కాలేదు. ఆగి ఉన్నప్పుడు అసలు విమానమే వెనక్కి కూలబడుతుందేమోనని తోక కింద ఊత పెట్టేవారమని చెప్పారు. ముక్కులోకి పటకారుతో దూర్చిన ప్రతి గుండూ నాకు గుర్తుకు వచ్చింది. ఉపాధ్యక్షుడు నా వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూశారు. ఊతకర్ర చేశాం. గుడ్డ తీశాక చూడండి, ఎర్రరంగు వేసి తోక కింద పెట్టాం. దాని అవసరం మాత్రం లేదు.

లెక్కల పట్టిక విడిగా పంచాం. ఖర్చు అంచనా దాటింది. రంగుల పద్దు పెరగడానికి కారణం పైన చెప్పాను. ఆడిటరు సంతకం అయింది. ప్రశ్నలుంటే కోశాధికారిని అడగండి.

ధన్యవాదాలు చెప్పాల్సినవారు చాలామంది ఉన్నారు. 38 ఆదివారాలు మమ్మల్ని ఇంట్లో లేనివారిగా లెక్క వేసుకున్న కుటుంబసభ్యులకు, తన కారులో వెనుక సీటు మొత్తం రెక్కలకు వదిలి నెమ్మదిగా నడిపిన సంయుక్త కార్యదర్శికి, లిబరేటర్ పాత ఫొటోలు వెతికి పంపిన ఇద్దరు సభ్యులకు, రెండు రోజులూ బల్లలు మోసిన పిల్లలకు. లాంకాస్టర్ పక్షం వారికి కూడా. ప్రదర్శన రోజున మొదట వచ్చి చివరగా వెళ్లింది వారే.

ఒక్క పని మిగిలింది, గాజు పెట్టె. కొలతలు తీసుకెళ్లే బాధ్యత తీసుకున్న సభ్యుడు లోపలి వెడల్పు సరిగ్గా ఒక మీటరు అని రాసి ఇచ్చారు. పెట్టె వచ్చింది, చాలా బాగుంది, విమానం పట్టదు. పెద్ద పెట్టెకు నిధి కావాలి. ఆ తీర్మానం కార్యక్రమ పట్టికలో ఆరో అంశంగా ఉంది, దయచేసి అప్పటిదాకా ఉండండి. ఈలోగా బయటి రెక్కలు ఊడదీసి విమానాన్ని కార్యాలయం బీరువా పై అరలో ఉంచుతున్నాం. బీరువా తలుపు మెల్లగా వేయాలని మనవి.

కార్యదర్శి