గుండె ఆగింది సరే, జబ్బు పేరేమిటి?

గౌరవనీయులైన సంపాదకుడు గారికి, నమస్కారం.

నేను హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా మెడికల్ కోడర్‌గా పనిచేస్తున్నాను. ఈ ఉద్యోగం ఏమిటో మా ఊళ్లో చాలామందికి తెలియదు, ‘కంప్యూటర్ పని’ అని సరిపెట్టుకుంటారు. అమెరికాలో రోగి ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లాక, డాక్టరు రాసిన కాగితాలన్నీ చదివి, ఆ జబ్బుకు సరిపోయే కోడు వేయడం మా పని. అక్కడ బీమా డబ్బు కదిలేది దాన్ని బట్టే, జబ్బుల లెక్క తేలేదీ దాన్ని బట్టే. 2015 అక్టోబరు 1 నుంచి వాళ్లు వాడుతున్న ఐసీడీ-10-సీఎం అనే జబ్బుల కోడ్ల పట్టికలో 70 వేలకు పైగా కోడ్లున్నాయి. విరిగింది కుడి చెయ్యి అయితే ఒకటి, ఎడమ చెయ్యి అయితే ఇంకొకటి. ఆవు కరిస్తే డబ్ల్యూ55.21, ఆవు ఢీకొడితే డబ్ల్యూ55.22. నవ్వుకోండి, కానీ ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే ఆడిట్‌లో నా మార్కులు పోతాయి.

ముఖం కూడా చూడని మనుషుల జబ్బులను ఇంత నిక్కచ్చిగా లెక్కగట్టే నేను, ఈమధ్య శ్రీకాకుళం జిల్లాలోని మా సోంపేట వెళ్లి మా మేనమామ ఆసుపత్రి కాగితాల సంచి విప్పాను. ఆయన జీడి, కొబ్బరి తోటల్లో పనిచేసిన మనిషి. నాలుగేళ్లు డయాలసిస్ మీద బతికి పోయారు. సుగర్ లేదు. బీపీ కూడా కిడ్నీలు చెడ్డాకే మొదలైంది. సంచిలో రెండు ఆసుపత్రుల డిశ్చార్జి సమ్మరీలు దొరికాయి. ఒకదానిలో ఎన్18.9 అని ఉంది. అంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బే, ఏ దశో చెప్పలేదు. డయాలసిస్ చేసి పంపుతూ దశ తెలియదనడం ఏమిటో! మన దేశంలో వాడే ఐసీడీ-10లో ఐదో దశకు ఎన్18.5 అని విడిగా కోడు ఉంది. రెండో సమ్మరీలో ఐ10, అంటే ఉత్త బీపీ. కిడ్నీ ఊసే లేదు. ఇక మరణ కారణం కోసం డాక్టరు నింపిన ఫారం-4లో ఒకటే మాట: ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’. గుండె, ఊపిరి ఆగాయట. అవి ఆగకుండా పోయినవాళ్లెవరు?

జనన మరణాల నమోదు చట్టానికి చేసిన సవరణ 2023 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఆ పత్రం నకలు దగ్గరి బంధువుకూ ఇవ్వాలి కనుక చూడగలిగాను. లేకపోతే అదీ తెలిసేది కాదు. విచిత్రం ఏమిటంటే, ఆ ఫారంలోనే స్పష్టంగా ఉంటుంది: చనిపోయిన తీరు కాదు, చావుకు దారితీసిన జబ్బు రాయండి అని. మొదటి భాగంలో పై వరుసలో చివరి కారణం, కింది వరుసల్లో దానికి మూలమైనవి రాయాలి. లెక్కకు పనికొచ్చేది అట్టడుగు వరుస. మా మామయ్య పత్రంలో ఆ వరుసలు ఖాళీ. ఆయన పోయింది కిడ్నీ జబ్బుతో అని ఏ లెక్కలోనూ లేదు.

ఇది ఒక ఇంటి గోడు మాత్రమే అయితే మీ పత్రికలో చోటు అడిగేవాణ్ని కాను. మాది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఇంతమందికి కిడ్నీ జబ్బు ఎందుకు వస్తోందో ఇంతవరకూ తేలలేదు. శ్రీలంకలో, ఎల్ సాల్వడార్‌లో కూడా ఇలాంటిదే ఉంది. దీని ప్రత్యేకత సుగర్, పాత బీపీ వంటి తెలిసిన కారణాలేవీ లేకుండా రావడం. మరి కేసు షీటులో ‘కిడ్నీ జబ్బు, బీపీ’ అని పక్కపక్కన రాసి వదిలేస్తే ఏమవుతుంది? నేను పనిచేసే అమెరికా నిబంధనల ప్రకారం, రెండింటికీ సంబంధం లేదని డాక్టరు ప్రత్యేకంగా రాయకపోతే, సంబంధం ఉన్నట్టే భావించి ఐ12 వేయాలి. అంటే బీపీ వల్ల వచ్చిన కిడ్నీ జబ్బు అని. అక్కడ దానికేవో కారణాలున్నాయి. ఆ అలవాటునే ఇక్కడికి తెస్తే మా ఉద్దానం జబ్బు కాగితం మీద మాయమై, బీపీ రోగుల్లో కలిసిపోతుంది. ‘బీపీ కిడ్నీ చెడ్డాక వచ్చింది, మూల కారణం తెలియదు’ అని డాక్టరు ఒక్క వాక్యం రాస్తే చాలు, అలా జరగదు.

డాక్టర్లను తప్పుపట్టి ఊరుకోవడం న్యాయం కాదు. అర్ధరాత్రి వార్డంతా ఒక్కడే చూసుకునే హౌస్ సర్జన్‌కు ఫారం-4 ఎలా నింపాలో ఎవరు కూర్చోబెట్టి చెప్పారు? పైగా మన పథకాల తీరు కూడా అలాగే ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ మొదట పెట్టిన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. దానివల్ల బతికినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు, కాదనను. కానీ అందులో డబ్బు చికిత్స ప్యాకేజీని బట్టి వస్తుంది. డయాలసిస్ చేశారా లేదా అన్నదానిపై ఉన్న పట్టింపు, అది ఎందుకు అవసరమైంది అన్నదానిపై ఉండదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. డాక్టరు రాయని జబ్బును మేం ఊహించి కోడు వేయకూడదు. అనుమానం వస్తే డాక్టరుకు ప్రశ్న పంపాలి, జవాబు వచ్చేదాకా ఫైలు ఆపాలి. ఆ ప్రశ్న అడిగే మనిషి మన ఆసుపత్రి రికార్డు రూములో ఉండాలి. కనీసం పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రంలో, జిల్లాలో డయాలసిస్ చేసే ప్రతి ఆసుపత్రిలో శిక్షణ పొందిన కోడర్‌ను నియమించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. డిశ్చార్జి సమ్మరీలో దశ, మూల కారణం లేనిదే సంతకం పెట్టకూడదన్న నియమం చేయాలి. కారణం తెలియకపోతే తెలియదనే రాయాలి, అదీ విలువైన సమాచారమే.

మామయ్య పత్రం సరిదిద్దమని ఆ ఆసుపత్రికి వెళ్లి అడిగాను. “ఆయన పోయారు కదండీ, ఇప్పుడెందుకు?” అన్నారు. రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని వచ్చాను. మా ఆఫీసులో ఉద్దానం పిల్లలం నలుగురం ఉన్నాం. జిల్లాలో ఏ ఆసుపత్రి వారు పిలిచినా సెలవు పెట్టుకుని వచ్చి, రికార్డు రూము సిబ్బందికి ఈ పని ఉచితంగా నేర్పడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక మెడికల్ కోడర్,
సోంపేట (ప్రస్తుతం హైదరాబాద్)