పాత స్పోర్ట్స్ కారు ఎంఓటీ ఫలితాలను ఎలా చదవాలి

సంపాదకులకు నమస్కారం.

పాత స్పోర్ట్స్ కార్ల గురించి ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. బ్రిటన్‌లో వాహనాల భద్రతను ఏటా చూసే ఎంఓటీ పరీక్షలో, ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు వంటివి పదేళ్ల మామూలు కార్ల కంటే ఎక్కువ శాతం నెగ్గుతున్నాయి కాబట్టి అవి నమ్మదగినవనీ, మోజు ఉన్నవారు నిశ్చింతగా కొనుక్కోవచ్చనీ అందులో రాశారు. 2012 నుంచి బ్రిటన్‌లో అదే కారును నడుపుతూ, దాని కింద పడుకుని నా చేతులతో మరమ్మతులు చేసుకుంటూ వస్తున్నవాడిగా, ఆ ఫలితాల నుంచి అంత పెద్ద నిర్ణయానికి రావడం సరికాదని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎంజీబీ అంటే నాకు ప్రాణం. దాన్ని తక్కువ చేయాలన్నది నా ఉద్దేశం కాదు. వ్యాసం చదివి కొనబోయేవారు నేను చేసిన పొరపాటే చేయకూడదన్నది నా ఆరాటం.

ముందుగా ఆ పరీక్ష దేనికోసం పుట్టిందో గుర్తుచేయాలి. నాటి రవాణా మంత్రిత్వ శాఖ ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలే ఎంఓటీ. 1960లో మొదలైనప్పుడు పదేళ్లు దాటిన వాహనాలకే అది వర్తించేది. బ్రేకులు, లైట్లు, స్టీరింగ్ మాత్రమే చూసేవారు. పరీక్షకు వచ్చిన వాటిలో చాలా వాహనాలు తప్పడంతో ఆ గడువును మరుసటి ఏడాదే ఏడేళ్లకు, 1967లో మూడేళ్లకు తగ్గించారు. అప్పటి నుంచి ఎన్నో అంశాలు చేరినా, రోడ్డు మీది ఇతరులకు గాని అందులో కూర్చున్నవారికి గాని వాహనం ప్రమాదం తేకూడదన్న మూల ఉద్దేశం మారలేదు. ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్‌ల స్థితి నేటికీ ఆ పరీక్ష పరిధిలోకి రాదు. పరీక్షించే వ్యక్తి ఏ భాగాన్నీ విప్పి చూడకూడదు కూడా. అంటే క్లచ్ అరిగిపోయి రేపో మాపో జారిపోయే కారు గాని, బేరింగులు చప్పుడు చేస్తున్న ఇంజిన్ ఉన్న కారు గాని ఈ పరీక్షలో నిజాయితీగానే నెగ్గవచ్చు. అది పరీక్షలోని లోపం కాదు. ఆ ప్రశ్న దాన్ని ఎవరూ అడగలేదు, అంతే.

నేను కొన్నది 1972లో తయారైన ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే గట్టి పైకప్పు లేని రకం. అమ్మిన వ్యక్తి చూపిన ఎంఓటీ పత్రానికి అప్పటికి మూడు వారాల వయసు. అందులో ఒక్క లోపం గాని, ఒక్క ముందస్తు హెచ్చరిక గాని లేదు. ఆ కాగితం చూసే డబ్బు చెల్లించాను. తెచ్చుకున్న నెలలోపే కారు రోడ్డు మధ్యలో ఆగిపోయింది. ఈ కారులో పెట్రోలును ఇంజిన్‌కు అందించేది కారు అడుగున వెనక వైపు బిగించిన విద్యుత్ పంపు. దాని లోపల కరెంటును కలిపి విడదీసే పాయింట్లు కాలిపోతే అది కదలదు. పాత కార్ల యజమానులందరికీ తెలిసినట్టు పైనుంచి మెల్లగా తడితే కాసేపు పనిచేసి మళ్లీ మొరాయిస్తుంది. ఇంజిన్‌లో పెట్రోలును మండించే నిప్పురవ్వకు కరెంటును పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు, కండెన్సర్, రోటర్ సంగతీ అంతే. ఈ తరం కార్లు దారిలో ఆగిపోవడానికి తరచూ కారణమయ్యేవి ఇలాంటి చిన్న వస్తువులే. వాటిలో ఏ ఒక్కదాని ఆరోగ్యమూ ఎంఓటీ పత్రంలో కనబడదు.

పంపు మార్చుకోవడం ఒక పూట పని. ఆ తర్వాత బయటపడినది అంత తేలికైనది కాదు. ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఉండదు. కారు ఒడలే దాని ఎముకల గూడు. పైకప్పు లేని రోడ్‌స్టర్‌లో కారు బరువులో చాలా భాగం తలుపుల కింద పొడవునా ఉండే సిల్ అనే పెట్టెల మీద పడుతుంది. బయటి రేకు, మధ్యలో నిలువు రేకు, లోపలి రేకు, అడుగున మరో పట్టీ కలిసి ఆ పెట్టె ఏర్పడుతుంది. నీరు, రోడ్డు మీద చల్లిన ఉప్పు లోపల చేరితే అది లోపలి నుంచి తుప్పు పడుతూ వస్తుంది. ఆ చలికాలంలో కారుకు జాకీ పెట్టి ఎత్తినప్పుడు, సిల్ బలం తగ్గి ఒడలు వంగడంతో డ్రైవరు వైపు తలుపు బిగుసుకుపోయి తెరుచుకోలేదు. బయటి రేకు కోసి చూస్తే, తుప్పు పట్టిన పాత సిల్‌ను తొలగించకుండా దాని మీదే కొత్త రేకు కప్పి, చుట్టూ వెల్డింగ్ చేసి, పైన మందంగా తారు పూత పూసి ఉంది. పరీక్షకుడు ఆ రేకును చిన్న సుత్తిలాంటి పనిముట్టుతో తట్టి చూసి ఉంటాడు. గట్టిగానే పలికి ఉంటుంది. పూతను ఊడదీసి చూసే అధికారం గాని, రేకు కోసి చూసే అధికారం గాని అతనికి లేదు. అతన్ని నేను ఒక్క మాట కూడా అనను. రెండు సిల్‌లూ పూర్తిగా కోసి కొత్తవి వేయించడానికి ఐదు నెలలు పట్టింది.

ఆ ఐదు నెలల్లోనే ఈ ఫలితాలను ఎలా చదవాలో నాకు తెలిసివచ్చింది. 2005 తర్వాత ఎంఓటీ వివరాలను కంప్యూటర్లలో నమోదు చేస్తున్నారు. ఒక వాహనం ఏ ఏడు నెగ్గింది, ఏ ఏడు తప్పింది, దేనివల్ల తప్పింది, ఆ రోజున మీటరు మీద ఎన్ని మైళ్లు ఉన్నాయి అన్నవన్నీ ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడవచ్చు. కొనకముందు చూడవలసిన ఆ చరిత్రను కొన్న తర్వాత చూశాను. వరసగా మూడేళ్లు ఎడమ ముందు చక్రం కింగ్‌పిన్‌లో, అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం పక్కకు తిరిగే కడ్డీలో, కొద్దిపాటి వదులు ఉందని హెచ్చరిక రాసి ఉంది. ఎంజీబీ కింగ్‌పిన్‌లకు క్రమం తప్పకుండా గ్రీజు పట్టించాలి, పట్టించకపోతే అరిగిపోతాయి. ఆ పని చేయడానికి గ్రీజు గన్నూ పావుగంట సమయమూ చాలు. మూడేళ్లు హెచ్చరించినా పట్టించుకోని యజమాని, కంటికి కనబడని సిల్‌ల మీద ఎంత శ్రద్ధ పెట్టి ఉంటాడు? పైగా ఆ మూడేళ్లలో కారు నడిచింది ఆరువందల మైళ్లలోపే. చివరి పత్రం శుభ్రంగా ఉండటానికి కారణం అమ్మకానికి ముందు కింగ్‌పిన్‌లు మార్చడమేనని తర్వాత గ్రహించాను. ఆ ఒక్క పత్రం చెప్పని సంగతిని అంతకుముందరి మూడు పత్రాలు చెప్పాయి.

మీ వ్యాసంలో ఆధారంగా తీసుకున్న శాతాల విషయంలో ఇంతకంటే పెద్ద చిక్కు ఒకటి ఉంది. 2018 మే 20 నుంచి, తయారై 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని కార్లకు బ్రిటన్‌లో ఎంఓటీ తప్పనిసరి కాదు. ఎంజీబీ తయారీ ఆబింగ్డన్ కర్మాగారంలో 1962లో మొదలై 1980లో ఆగిపోయింది. అంటే ఈ సరికి ఆ మోడల్ మొత్తం మినహాయింపు కిందికి వచ్చేసినట్టే. ఇప్పుడు పరీక్షకు వచ్చే ఎంజీబీలు ఎవరివి? చట్టం అడగకపోయినా రుసుము కట్టి, తమ కారు క్షేమంగా ఉందో లేదో తెలుసుకోవాలనుకునే శ్రద్ధ గలవారివి. అలాంటివారు పరీక్షకు ముందే బల్బులు, టైర్లు, బ్రేకులు సరిచూసుకుని వస్తారు. షెడ్డులో మూలుగుతున్న కారు, టార్పాలిన్ కింద తుప్పు పడుతున్న కారు ఆ లెక్కల్లోకి రానే రావు. ఏటా పరీక్షకు తప్పక రావలసిన పదేళ్ల మామూలు కారుతో ఈ ఎంపిక చేసిన గుంపును పోల్చి, పాత స్పోర్ట్స్ కారే మెరుగని చెప్పడం, ఆసుపత్రికి వచ్చినవారిని వ్యాయామశాలకు వచ్చినవారితో పోల్చి చూసినట్టుంటుంది.

తప్పడమన్నది కూడా ఒకే తూకం గల మాట కాదు. వెనక నంబరు ప్లేటు దగ్గర లైటు వెలగకపోయినా, సస్పెన్షన్ బిగించిన చోట లోహం తుప్పుకు తినిపోయినా ఫలితం ఒకే పేరుతో నమోదు కావచ్చు. 2018 నుంచి లోపాలను ప్రమాదకరమైనవి, పెద్దవి, చిన్నవి అని వేరుచేస్తున్నారు కాబట్టి ఆ వివరాలు చదివితే తేడా తెలుస్తుంది. శాతం ఒక్కటే చూస్తే తెలియదు. దొరికిన లోపాన్ని పరీక్షా కేంద్రంలోనే గంటలోపు సరిచేస్తే దాన్ని విడిగా నమోదు చేస్తారు. అలాంటి కార్లను ఏ గుంపులో కలిపారన్న దానిని బట్టి మొత్తం శాతమే మారిపోతుంది.

ఇంతా రాసి, ఈ పరీక్ష వల్ల ప్రయోజనం లేదని అంటున్నానని మీ పాఠకులు అనుకోవద్దు. నా కారుకు మినహాయింపు వచ్చిన తర్వాత కూడా ఏటా స్వచ్ఛందంగా ఎంఓటీ చేయిస్తున్నాను. ఒక ఏడాది రోలర్ల మీద బ్రేకులు పరీక్షించినప్పుడు, ముందు చక్రాల్లో ఒకదాని పట్టు రెండోదానికంటే చాలా తక్కువగా తేలింది. ఒకే ఇరుసు మీది రెండు చక్రాల బ్రేకు బలంలో 30 శాతం కంటే ఎక్కువ తేడా ఉండకూడదన్నది నిబంధన. రోడ్డు మీద నడిపేటప్పుడు నాకు ఆ తేడా పెద్దగా తెలియలేదు. కారు కొద్దిగా పక్కకు లాగుతుంటే రోడ్డు వాలేమో అనుకున్నాను. విప్పి చూస్తే రబ్బరు బ్రేకు గొట్టం పైకి బాగానే ఉన్నా, లోపల ఉబ్బి దారి మూసుకుపోయి ఉంది. గట్టిగా బ్రేకు వేయవలసిన రోజు వచ్చి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. నలభై ఏళ్లు దాటిన కారుకే ఇలాంటి పరీక్ష అక్కరలేదనడం నాకు ఎన్నటికీ మింగుడుపడని విషయం. మినహాయింపు ఉన్నా కారును రోడ్డుకు తగిన స్థితిలో ఉంచే బాధ్యత యజమానిదే. ప్రమాదకర స్థితిలో నడిపితే 2,500 పౌండ్ల వరకు జరిమానా, లైసెన్సు మీద మూడు శిక్షా పాయింట్లు పడతాయి. కానీ బాధ్యత నాదని చట్టం చెప్పినంత మాత్రాన గొట్టం లోపల ఏముందో నాకు కనబడదు కదా.

నమ్మకం సంగతికి వస్తే, పాత కారును ఎక్కువగా చెడగొట్టేది నడపడం కాదు, నడపకపోవడం. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కారు నిలబడి ఉంటే వెనక చక్రాల సిలిండర్లు లోపల తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. టైర్ల మీద గాళ్లు నిండుగా ఉన్నా రబ్బరు గట్టిబడి పట్టు పోతుంది. గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని పరీక్షలో చూస్తారు గాని, పగుళ్లు లేనంత వరకు సొంత కారు టైరు వయసు కారణంగా తప్పించరు. 2021 నుంచి బ్రిటన్‌లో మామూలు పెట్రోలులో 10 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. పాత రకం రబ్బరు పెట్రోలు గొట్టాలను అది మెత్తబరచి పగిలేలా చేస్తుంది. కారిన రోజున పరీక్ష దాన్ని పట్టుకుంటుంది, కారబోయే ముందు రోజున పట్టుకోదు. అందుకే ఏడాదికి 200 మైళ్లు నడిచి ప్రతిసారీ నెగ్గిన కారు కంటే, ఏడాదికి 3,000 మైళ్లు నడుస్తూ రెండుమూడుసార్లు చిన్న లోపాలతో తప్పి, వెంటనే సరిచేయించుకున్న కారునే నేను కొంటాను. రెండో కారులో నీళ్లు, నూనె, కరెంటు అన్నీ కదులుతూ ఉన్నాయి. దాని యజమాని లోపాన్ని చూసి పారిపోలేదు.

పేర్లు, నంబర్లు తీసేసిన ఎంఓటీ ఫలితాల సమాచారాన్ని అక్కడి ప్రభుత్వమే ప్రజలకు అందుబాటులో ఉంచుతోంది. అందులో మీటరు అంకెలు, తప్పిన కారణాలు కూడా ఉంటాయి. ఇకముందు మీరు ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు ఉత్తీర్ణత శాతం పక్కనే ఆ కార్లు ఏటా సగటున ఎన్ని మైళ్లు నడిచాయో, తప్పినవి తుప్పు వల్లనా బల్బుల వల్లనా అన్నది కూడా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. కొనబోయే పాఠకులు మాత్రం అమ్మేవారు చూపే తాజా పత్రం దగ్గర ఆగకుండా, కనీసం పదేళ్ల చరిత్ర ముందు పెట్టుకుని, ఒకే హెచ్చరిక ఏటేటా తిరిగి వస్తోందేమో చూడాలి. ఆ తర్వాత జాకీ పెట్టి కారును ఒక పక్క ఎత్తి, తలుపు తెరుచుకుంటుందో లేదో చూశాకే బేరం మాట్లాడాలి.

ఇట్లు,
ఒక ఎంజీబీ యజమాని