శుక్రవారం సవానాలో (అమెరికా, జార్జియా రాష్ట్రం) భోజనాలు

అందరికీ నమస్కారం! శుక్రవారం ఉదయం 10 కల్లా వెస్ట్ జోన్స్ స్ట్రీట్‌లో మిసెస్ విల్క్స్ భోజనశాల దగ్గర లైన్‌లో ఉండాలి. అక్కడ రిజర్వేషన్లు లేవు, తలుపులు 11కి తీస్తారు. ఒక్కో బల్లకు పదిమంది, గిన్నెలు చేతులు మారుతూ వస్తాయి. ఫ్రైడ్ చికెన్ వేడిగా ఉండగానే వడ్డించుకోండి. తిన్నాక ఎవరి ప్లేటు వాళ్లే వంటింట్లో ఇవ్వాలి.

శాకాహారులూ, జాగ్రత్త: ఈ ప్రాంతంలో ఆకుకూరలు, బీన్స్‌లో రుచికోసం పంది మాంసం వేయడం మామూలే. రెడ్ రైస్‌లోనూ (టమాటాతో వండే అన్నం) అంతే. అడిగాకే వడ్డించుకోండి.

తర్వాత బ్రాటన్ స్ట్రీట్‌లో లియోపోల్డ్స్ ఐస్‌క్రీమ్, 1919లో మొదలైన వ్యాపారం. టూటీ ఫ్రూటీ వదలొద్దు!

రివర్ స్ట్రీట్‌కి దిగే రాళ్లబాట ఎగుడుదిగుడు, హీల్స్ వద్దు. వచ్చేవాళ్లు బుధవారం రాత్రిలోగా ఇక్కడే పేరు, ఎంతమందో రాయండి.