వాయింట వేరు, కుక్కవాయింట వేరు

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో వాయింటాకు గురించి రాసింది చదివి చానా సంతోషమైంది, ఆ ఆకుకూర పేరే మర్చిపోతున్న రోజుల్లో అర పేజీ ఇచ్చినారు. కానీ పక్కన వేసిన ఫోటో పసుపు పూలదండీ, అది వాయింట కాదు, కుక్కవాయింట. మా పక్కింటి అమ్మాయి ఆ ఫోటో చూసుకుని చేనికి పోయి ఒడి నిండా కోసుకొచ్చింది, చేతులంతా జిగురు, ఒకటే వాసన, మా అత్త చూసి ఇది మనం వండేది కాదు తల్లీ అని పారేయించింది. అందుకే రాస్తున్నా.

గుర్తుపట్టడం ఈజీనే. వాయింట పూలు తెల్లగా ఉంటాయి, ఒక్కోసారి లేత గులాబీ రంగు, ఆకు చెయ్యి చాపినట్టు ఎక్కువగా ఐదు రెక్కలు, పువ్వు మధ్యలోనుంచి సన్నటి కాడ పైకి లేచి దానికి ఆరు కేసరాలు ఉంటాయి, కాయ కూడా ఆ కాడ కొసనే కాస్తుంది. కుక్కవాయింటలో ఆ కాడ ఉండదు, కేసరాలు చానా ఎక్కువ, మొక్కంతా జిగురు నూగు. దాని గింజలు ఘాటుగా ఉంటాయి, కొన్నిచోట్ల ఆవాలకు బదులు తిరగవాతలో వేస్తారు. ఆ ఘాటు ఊరికే రాలేదు, ఈ రెండూ ఆవాలకు దగ్గరి చుట్టాలు. 1998లో శాస్త్రవేత్తలు వీటిని ఆవ కుటుంబంలోనే కలిపేసి 2009లో మళ్లీ వేరు కాపురం పెట్టించినారు, అయినా ఆవ కుటుంబానికి అన్నిటికంటే దగ్గర ఈ కుటుంబమే.

డిగ్రీలో బాటనీ చదివినదాన్ని, నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించేది ఆకు లోపల జరిగే పని. ఎండ మండేటప్పుడు నీళ్లు పోకుండా ఆకు మీది రంధ్రాలు మూసుకుంటాయి, కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావడం తగ్గిపోతుంది, అప్పుడు కుక్కవాయింటలో, మన సెనక్కాయలో కూడా అంతే, కార్బన్‌ని పట్టాల్సిన ఎంజైమ్ ఆక్సిజన్‌ని పట్టుకుని కొంత కష్టం వేస్ట్ చేస్తుంది. వాయింట అట్లా కాదు, కార్బన్‌ని ముందు నాలుగు కార్బన్ల ఆమ్లంగా మార్చి ఈనెల చుట్టూ ఉండే కణాల్లోకి పంపి అక్కడ మళ్లీ కార్బన్ డయాక్సైడ్ గా విడిపించి పోగేసుకుంటుంది, దాంతో ఆ ఎంజైమ్ ఆక్సిజన్ని పట్టుకునేది బాగా తగ్గిపోతుంది, జొన్న, కొర్ర, సజ్జ చేసేది ఇదే పని. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని మన జిల్లాలో ఒకే చేన్లో పక్కపక్కన మొలిచిన రెండు చుట్టాలు ఎండను చెరో రకంగా తట్టుకుంటున్నాయంటే పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం ఏముంది? ప్రపంచమంతా ల్యాబుల్లో పెంచే అరబిడాప్సిస్ అనే చిన్న ఆవజాతి మొక్క జీనోమ్‌ని (అంటే దాని జన్యువుల మొత్తం రాత) 2000లోనే చదివేసినారు, దానికి దగ్గరి చుట్టం కాబట్టే సైంటిస్టులకు వాయింట మీద అంత ఆసక్తి.

కెన్యాలో దీన్ని సాగు చేసి మార్కెట్లో అమ్ముతారు. మా దగ్గరేమో కలుపు మందుకు మొదట పోయేది ఇదే. మా అవ్వ దీన్ని ఉడకేసి చేదు నీళ్లు వంపేసి కందిపప్పు, చింతపండు వేసి ఎనిపి సంగట్లోకి పెట్టేది.

వచ్చే ఆదివారం దయచేసి సరైన ఫోటో వేయండి, కుదిరితే రెండూ పక్కపక్కన. మా చేని గట్టు మీద ఇప్పుడు రెండూ పూసి ఉన్నాయి, కావాలంటే నేనే తీసి పంపిస్తా.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా