ఎర్ర పేజీ వస్తే నొక్కి ముందుకి పోమనకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మాది బుచ్చిరెడ్డిపాళెం. పదమూడేళ్లు చెన్నైలో సర్వర్ల (వెబ్‌సైట్లని నడిపే కంప్యూటర్ల) పని చేశాను. నాయనకి ఒంట్లో బాగుండక నాలుగేళ్ల కిందట ఊరికి వచ్చేసి, ఇప్పుడు ఇంటి నుంచే అదే పని చేస్తున్నాను. కిందటేడు జూన్‌లో నెల్లూరు గాంధీబొమ్మ దగ్గర ఒక నెట్ సెంటర్‌లో చూసిన సంగతి నన్ను ఇప్పటికీ వదలడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

మా అక్క కూతురు ఇంటర్ పాసై ఒక విద్యాసంస్థలో సీటుకి దరఖాస్తు పెట్టాలి. సాయంత్రం 5 గంటలకి గడువు. సర్టిఫికెట్లు స్కాన్ చేయించాలని నెట్ సెంటర్‌కి వెళ్లాం. మూడున్నరకే అక్కడ పదిమంది దాకా పిల్లలు, వాళ్ల వెనక అమ్మానాన్నలు. పేజీ ఒకసారి తెరుచుకుంటోంది, ఇంకోసారి తెల్లగా ఉండిపోతోంది. ఫొటో ఎక్కించి ముందుకి వెళ్తే మళ్లీ లాగిన్ అవమంటోంది. లాగినైతే ఎక్కించిన ఫొటో లేదు. నాలుగు దాటాక మా కంప్యూటర్‌లో ఎర్ర గుర్తుతో, ఈ కనెక్షన్‌కి భద్రత లేదని హెచ్చరిక పేజీ వచ్చింది. పక్క కంప్యూటర్‌లో అదే సైటు బాగానే ఉంది.

నెట్ సెంటర్ అబ్బాయి వచ్చి, "ఏం కాదక్కా, కింద అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకి పోవచ్చు. పొద్దున్నుంచీ అందరికీ అట్నే చేస్తన్నా" అని మౌస్ అందుకున్నాడు. నేను అతని చెయ్యి పట్టుకుని ఆపాను. తర్వాతి పేజీలో ఆధార్ నంబరు, స్కాలర్‌షిప్ కోసం బ్యాంకు ఖాతా నంబరు, ఫీజు కోసం కార్డు నంబరు ఇవ్వాలి. ఆ ఎర్ర పేజీ రావడానికి సైటు సర్టిఫికెట్ (ఇది అసలు సైటేనని బ్రౌజర్‌కి రుజువు చూపే పత్రం) గడువు తీరిపోవడం ఒక కారణం కావచ్చు. మధ్యలో ఎవరో దొంగ సైటు పెట్టి కూర్చోవడమూ కారణం కావచ్చు. గడువు తీరిందని అందులో రాసి ఉన్నా, దాన్ని చదివి రెంటికీ తేడా తేల్చుకోవడం నెట్ సెంటర్‌కి వచ్చిన తల్లిదండ్రుల వల్ల అయ్యే పని కాదు. ఆ అబ్బాయిని నేను తప్పు పట్టను. గడువు తరుముతుంటే పిల్లలకి సాయం చేయాలనుకున్నాడు. కానీ ఎర్ర పేజీ వస్తే నొక్కి దాటెయ్యాలని ఆ ఒక్క మధ్యాహ్నం ఎంతమంది నేర్చుకుని ఇళ్లకి వెళ్లారో! రేపు నిజంగా దొంగ సైటు ఎదురైనా వాళ్లు అదే నొక్కుతారు.

మేం పక్క కంప్యూటర్ ఖాళీ అయ్యేదాకా ఆగి, ఐదుకి పది నిమిషాలుండగా పని ముగించాం. వింజమూరు వైపు నుంచి బస్సులో వచ్చిన ఒక అమ్మాయిది మాత్రం కాలేదు. "మళ్లీ ఎప్పుడు తెరుస్తారమ్మా?" అని వాళ్లమ్మ నన్ను అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రే ఆ సంస్థకి ఉత్తరం రాశాను. పది రోజుల తర్వాత వాళ్లే పిలిచారు, మనసు పెట్టి విన్నారు కూడా. అందుకే, లోపల నేను చూసింది వాళ్ల పేరు చెప్పకుండా రాస్తున్నాను. మన జిల్లాల్లో చాలా సంస్థలకి పనికొస్తుందని నా నమ్మకం.

వాళ్లు పొదుపు చూసుకుని ఒక్క సర్వర్‌తో సరిపెట్టలేదు. రెండు పెట్టుకున్నారు. అయితే ఆ రెండింటి అడ్రసులూ డీఎన్‌ఎస్‌లో (ఏ సైటు పేరుకి ఏ సర్వరో చెప్పే పట్టికలో) ఒకే పేరు కింద రాసి వదిలేశారు. అలా రాస్తే కొందరు ఒకదానికి, కొందరు రెండోదానికి వెళ్తారు. వెళ్లిన చోట పని జరుగుతోందా లేదా అని చూసేవాళ్లుండరు. సైటు సర్టిఫికెట్ ఏ సర్వర్‌కి ఆ సర్వర్‌లోనే విడిగా ఉంది. కొత్తది ఒకదాంట్లోనే వేసి రెండోదాన్ని మరిచిపోయారు. రద్దీ పెరిగేసరికి ఆ రెండో సర్వర్‌కి దరఖాస్తుల వివరాలు దాచే డేటాబేస్‌తో కనెక్షన్లు చాల్లేదు, తెల్ల పేజీలు వచ్చాయి. లాగిన్ వివరాలు, ఫొటోలు కూడా ఏ సర్వర్‌వి ఆ సర్వర్‌లోనే ఉన్నాయి. ఒకదాంట్లో లాగినైన పిల్లలు రెండోదానికి మారితే వాళ్లెవరో దానికి తెలియదు.

దీనికి మందు లోడ్ బ్యాలెన్సర్, అంటే సర్వర్ల ముందు ఉండి వచ్చేవాళ్లని పంచిపెట్టేది. సర్వర్లు అద్దెకిచ్చే అమెజాన్ వాళ్ల హైదరాబాద్ డేటా సెంటర్లు 2022 నవంబర్‌లో మొదలయ్యాయి. అందులో మూడు వేరువేరు జోన్లు, అంటే ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా నడిచే భాగాలు, ఉన్నాయి. మేం సర్వర్లని రెండు జోన్లలో పెట్టి, ముందు లోడ్ బ్యాలెన్సర్ పెట్టాం. ఒక జోన్‌లో ఇబ్బంది వచ్చినా రెండోది నడుస్తుంది.

మా నాయనకి కనిగిరి రిజర్వాయరు కింద మూడెకరాల మాగాణి ఉంది. నేను రాత్రిపూట ఫోన్లో మాట్లాడేది విని, ఇదేం పనమ్మా అని అడిగాడు. "వచ్చేవాళ్లందరికీ వాకిలి ఒక్కటే నాయనా. అక్కడ ఉండేది ఎవరిని ఏ సర్వర్‌కి పంపాలో చూస్తుంది. ఒక సర్వర్ పని చెయ్యకపోతే అటు పంపడం ఆపేస్తుంది" అన్నాను. "మన కాలవ లస్కరు చేసేది అదే గదా. పిల్లకాలవకి గండి పడితే ఆ తూము దించి పక్కదానికి వదుల్తాడు" అన్నాడు. కాసేపాగి, "మరి గండి పడిందని దానికి ఎట్ట తెలుస్తది?" అని అడిగాడు.

అసలు పని ఆ ప్రశ్న దగ్గరే ఉంది. అమెజాన్ లోడ్ బ్యాలెన్సర్ మామూలుగా 30 సెకన్లకోసారి ప్రతి సర్వర్‌నీ పలకరిస్తుంది. దీన్ని హెల్త్ చెక్ అంటాం. వరుసగా రెండుసార్లు సరైన జవాబు రాకపోతే ఆ సర్వర్‌ని పక్కన పెడుతుంది. మళ్లీ వరుసగా ఐదుసార్లు సరిగ్గా పలికితేనే లోపలికి తీసుకుంటుంది. మొదట నేనూ తప్పు చేశాను. పలకరించడానికి హోం పేజీ ఇచ్చాను. ఆదివారం రాత్రి కావాలనే రెండో సర్వర్‌కి డేటాబేస్ కనెక్షన్ కత్తిరించి చూస్తే, హోం పేజీ చక్కగా వస్తోంది, దరఖాస్తు పేజీ మాత్రం తెల్లగా ఉంది. హోం పేజీకి డేటాబేస్‌తో పని లేదు కాబట్టి లోడ్ బ్యాలెన్సర్ దృష్టిలో అంతా క్షేమమే. అప్పుడు డేటాబేస్‌ని ఒక చిన్న ప్రశ్న అడిగి జవాబు చెప్పే పేజీ వేరుగా రాసి, హెల్త్ చెక్ దానికి మార్చాను. మళ్లీ కత్తిరించి గడియారం పట్టుకుని కూర్చున్నాను. నిమిషం అటూ ఇటూగా రెండో సర్వర్‌ని అదే పక్కన పెట్టేసింది. ఈ పరీక్ష చేయకుండా లోడ్ బ్యాలెన్సర్ పెట్టామని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను.

లాగిన్ వివరాలని రెండు సర్వర్లకీ అందే ఒక ఉమ్మడి చోటికి, ఫొటోలని విడి స్టోరేజికి మార్చడానికి ఇంకో ఆదివారం పట్టింది. ఎక్కువ విసిగించిన పని ఇదే, పిల్లలకి ఎక్కువ సుఖాన్నిచ్చిందీ ఇదే.

భద్రత సంగతి. సర్టిఫికెట్ ఇప్పుడు లోడ్ బ్యాలెన్సర్ మీద ఒక్కచోటే ఉంది. దాంతో పాటు వాడుకుంటే అమెజాన్ ఈ సర్టిఫికెట్ ఉచితంగానే ఇస్తుంది, తనే మార్చుకుంటుంది. అందుకు డీఎన్‌ఎస్‌లో ఒక రికార్డు పెట్టి అలాగే ఉంచాలి. అదేంటో తెలియని వాళ్లు చెత్త అనుకుని తుడిచేస్తుంటారు, దాంతో మార్పిడి ఆగిపోతుంది. దాని పక్కన తుడపవద్దని రాసి పెట్టించాను. చేత్తో మార్చే అలవాటు ఇంక సాగదు. బ్రౌజర్ కంపెనీలు, సర్టిఫికెట్లిచ్చే సంస్థలు కలిసి 2025లో తీసుకున్న నిర్ణయం ప్రకారం సర్టిఫికెట్ గరిష్ఠ గడువు 398 రోజుల నుంచి 2026 మార్చిలో 200కి, 2027 మార్చిలో 100కి, 2029 మార్చిలో 47 రోజులకి తగ్గుతుంది. ఏడాదికోసారి మార్చడమే మరిచిపోయే చోట నెలన్నరకోసారి గుర్తు పెట్టుకుని మార్చేదెవరు?

80 పోర్టుకి (రక్షణ లేని దారికి) వచ్చినవాళ్లని 443కి (రక్షణ ఉన్న దారికి) పంపించేశాం. బ్రౌజర్‌కీ సైటుకీ మధ్య వెళ్లే వివరాలని రహస్యంగా ఉంచే టీఎల్‌ఎస్‌లో 1.0, 1.1 పాత రకాలని 2021లోనే ప్రమాణాల నుంచి తప్పించారు. వాటిని ఆపి 1.2, 1.3 మాత్రమే ఉంచాం. పాత ఫోన్ల పిల్లలకి ఇబ్బందేమోనని కరస్పాండెంట్ గారు టెన్షన్ పడ్డారు. ఆండ్రాయిడ్ 5 నుంచి 1.2 దానంతటదే పనిచేస్తుంది కాబట్టి పరవాలేదని చెప్పాను.

నన్ను భయపెట్టింది పెరటి తలుపు. సర్వర్లకి బయటి అడ్రసులు అలాగే ఉన్నాయి, ఎవరైనా నేరుగా వెళ్లొచ్చు. రిమోట్‌గా లాగినయ్యే 22 పోర్టు లోకానికంతటికీ తెరిచి ఉంది. వీధి గుమ్మానికి ఎంత గట్టి తాళం వేసినా లాభమేంటి? బయటి అడ్రసులు తీసేసి, సెక్యూరిటీ గ్రూపులో (సర్వర్‌కి ఎవరిని రానివ్వాలో చెప్పే నియమాల్లో) లోడ్ బ్యాలెన్సర్ నుంచి వచ్చేవాటిని తప్ప దేన్నీ రానివ్వకుండా చేశాం.

లాగులు (సర్వర్లు రాసుకునే చిట్టాలు) కూడా చూశాం. ఎవరు ఎప్పుడు వచ్చారో రాసే యాక్సెస్ లాగు మనం చెప్పకపోతే మొదలవ్వదు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు ఉంచాలి, సైబర్ దాడి జరిగితే 6 గంటల్లోపు తెలియజేయాలి. ఈ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. ఇంకొకటి, లోడ్ బ్యాలెన్సర్ పెట్టాక సర్వర్ లాగులో అందరి అడ్రసూ లోడ్ బ్యాలెన్సర్‌దే పడుతుంది. అసలు మనిషి అడ్రసు ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ అనే హెడర్‌లో (వెంట వచ్చే చీటీ లాంటిది) వస్తుంది. దాన్ని రాసుకునేలా మార్చకపోతే రేపు ఏదైనా జరిగినప్పుడు ఆ లాగు ఎందుకూ పనికిరాదు.

ఖర్చు గురించి దాచను. ఎవరూ రాకపోయినా లోడ్ బ్యాలెన్సర్‌కి గంటల లెక్కన బిల్లు పడుతుంది, రద్దీని బట్టి పైన ఇంకొంత. రోజుకి వందమంది చూసే చిన్న సైటుకి ఇదంతా అక్కర్లేదు. ఒక్క సర్వర్, సర్టిఫికెట్ తనంతట తను మారే ఏర్పాటు, రోజూ బ్యాకప్ చాలు. కానీ గడువు పెట్టి వేలమంది పిల్లల్ని, రోగుల్ని, రైతుల్ని ఒకే పూట రమ్మనే సంస్థ ఈ ఖర్చుకి వెనకాడకూడదు.

మీ పత్రిక చదివే కాలేజీల, ఆసుపత్రుల, సొసైటీల పెద్దలని నేను కోరేది ఒక్కటే. మీ సైటు చేసినవాళ్లని పిలిచి, మీ కళ్ల ముందే ఒక సర్వర్ ఆపించండి. అప్పుడు మీ ఫోన్లోనే దరఖాస్తు మొదటి నుంచి చివరిదాకా నింపి చూడండి. గడువు రోజు దాకా ఆగకుండా పది రోజుల ముందే చేయండి. సర్టిఫికెట్ ఎలా మారుతుందని అడిగితే "మా వాడు చూసుకుంటాడు" అనే జవాబు వస్తే ఒప్పుకోకండి. నెట్ సెంటర్ తమ్ముళ్లకి కూడా చెబుతున్నాను. ఎర్ర పేజీ వస్తే అక్కడే ఆగి ఆ సంస్థకి ఫోన్ చేయండి.

మొన్న జూన్‌లో ఆ సంస్థకి మళ్లీ గడువు రోజు వచ్చింది. నేను ఇంట్లో స్క్రీన్ ముందే కూర్చున్నాను. మూడూ నలభైకి ఒక సర్వర్ పక్కకి వెళ్లి, పావుగంట తర్వాత తిరిగి వచ్చింది. ఆఫీసుకి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.

కావలి, కందుకూరు, ఒంగోలు దాకా ఏ ప్రభుత్వ సంస్థకైనా, ఎయిడెడ్ సంస్థకైనా ఈ పరీక్ష చేయించుకోవాలని ఉంటే మీ కార్యాలయానికి కబురు పెట్టమనండి. ఆదివారాలు నేను వస్తాను. డబ్బు తీసుకోను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
బుచ్చిరెడ్డిపాళెం, నెల్లూరు జిల్లా