నాన్న నంబరు ఎందుకు?

సంపాదకులకు,

పోలీసు శాఖలో ముప్పై ఏళ్ళు పనిచేశాను, అందులో ఎక్కువ కాలం స్టేషన్ రైటరుగా, అంటే ఫిర్యాదులు, రికార్డులు రాసే పనిలో. రిటైరయ్యే ముందు సంవత్సరం ఒక రాత్రి ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు వచ్చాడు. చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. ఫోనులో పరిచయమైన మగవాడిని కలవడానికి వెళ్తే, అక్కడ నలుగురు కాచుకుని కొట్టి, వీడియో తీసి, పద్దెనిమిది వేలు గుంజుకున్నారు. కేసు కట్టడానికి నాకు కావలసింది అతని సంతకం ఒక్కటే. నేను మాత్రం "మీ నాన్న నంబరు చెప్పు" అన్నాను. కుర్రాడు కాసేపు నా పెన్ను వంకే చూశాడు. "ఏమీ వద్దులెండి సార్" అని లేచి వెళ్ళిపోయాడు. స్టేషన్‌లో రోజువారీ సంగతులు రాసే జనరల్ డైరీలో ఒక్క ముక్క ఎక్కలేదు. ఆ నలుగురి చేతిలో తర్వాత ఎంతమంది పడ్డారో!

నాకు దురుద్దేశం లేదు, అలవాటు. ఇలా ఇంట్లోవాళ్ళను పిలిపించడానికి మేము పెట్టుకున్న పేరు కౌన్సెలింగ్.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతో, ఇష్టపడి కలిసిన ఇద్దరు మేజర్లను, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377 సెక్షనుతో బెదిరించే వీలు పోయింది. "ఇంట్లో చెబుతాం" అన్న బెదిరింపుకు సెక్షను అక్కర్లేదు కనుక అది మిగిలిపోయింది.

ఆడపిల్లలు ఇద్దరు ప్రేమించుకుని ఇల్లు విడిస్తే, ఇంటికి అప్పగించే ఇదే పని పెద్దవాళ్ళు పెట్టే మిస్సింగ్ కేసు రూపంలో జరుగుతుంది. మదురై నుంచి చెన్నై చేరిన ఇద్దరమ్మాయిల కేసులో 2021లో మద్రాసు హైకోర్టు, వాళ్ళు మేజర్లని, ఇష్టపడే వచ్చారని తేలితే వాంగ్మూలం తీసుకుని ఫిర్యాదు మూసేయమంది. స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు వంటి వర్గాల వారిని పోలీసులు వేధించరాదని తమిళనాడు 2022లో పోలీసుల ప్రవర్తనా నియమావళిలోనే రాసింది. మన దగ్గరా 2024 డిసెంబరులో, కలిసి బతకాలనుకున్న ఇద్దరు యువతుల పక్షాన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నిలిచింది. అయితే వాళ్ళు హైకోర్టు దాకా వెళ్ళగలిగారు. నా ముందు కూర్చున్న కుర్రాడు స్టేషన్ గడప దగ్గరే ఆగిపోయాడు.

మేజరు ఇచ్చిన ఫిర్యాదు సంగతి అతని అనుమతి లేకుండా ఇంటికి చేరవేయకూడదని రెండు తెలుగు రాష్ట్రాలూ నియమావళిలో చేర్చాలి. ఆ మాట ముందుగా రైటర్లకు చెప్పండి. ఫిర్యాదుదారుతో మొదట మాట్లాడేది చాలాసార్లు ఎస్సై కాదు, వాళ్ళే.

— విశ్రాంత హెడ్ కానిస్టేబుల్, కాకినాడ