మీ పక్కింటాయన గరాజ్‌లో బండి సంగతి

నెల్లూరు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన ఫొటో చూశాక నాకు నిద్ర పట్టలేదురా. గరాజ్‌లో గడ్డి కోసే మిషను పక్కన, దుమ్ము కొట్టుకుపోయిన బండి. "ఈ పాత హోండా ఏంట్రా, ఆర్‌సీ51 అంటున్నాడు పక్కింటాయన" అని కూరగాయల ధర అడిగినట్టు అడిగావు. ఫోన్‌లో చెబుదామంటే మీకు పగలైతే మాకు రాత్రి. అందుకే రాస్తున్నా. టీ పెట్టుకుని కూర్చో.

అది మామూలు బండి కాదు, డుకాటీ అనే ఇటలీ కంపెనీ మీద కసితో పుట్టిన బండి. సూపర్‌బైక్ రేసుల సంగతి నీకు కొంచెం చెప్పాలి. మోటోజీపీలో ఆడే బండిని నువ్వూ నేనూ కొనలేం, అది రేసు కోసమే పుడుతుంది. వరల్డ్ సూపర్‌బైక్‌లో అలా కాదు. షోరూంలో జనానికి అమ్మే బండినే రేసుకు తయారు చేసుకోవాలి. కంపెనీ ముందు కొన్ని బండ్లు బయట అమ్మితేనే దాన్ని ట్రాక్ మీదికి రానిస్తారు. అప్పటి రూలు ఏంటంటే, నాలుగు సిలిండర్ల బండికి 750 సీసీ, రెండు సిలిండర్లదానికి 1000 సీసీ దాకా. డుకాటీ రెండు సిలిండర్లతో ఏళ్ల తరబడి కప్పులు ఎత్తుకెళ్తుంటే హోండావాళ్లు చూసీ చూసీ, సరే మేమూ రెండు సిలిండర్లే చేస్తాం అని కూర్చున్నారు. అలా వచ్చిందే మీ పక్కింటాయన బండి. ఇంకో ఫొటో తీస్తే పక్కల చూడు, చెరో వైపు ఒక రేడియేటర్ ఉంటుంది.

2000లో ఆ బండి మీద చాంపియన్ అయినవాడు కాలిన్ ఎడ్వర్డ్స్. పుట్టింది మీ హ్యూస్టన్‌లోనే! టెక్సాస్ టొర్నాడో అంటారు. మరుసటి ఏడాది కప్పు ట్రాయ్ బేలిస్ పట్టుకుపోయాడు. ఆస్ట్రేలియావాడు, కార్లకు పెయింట్ కొట్టే పని చేసేవాడు. 2000లో ఫిలిప్ ఐలండ్ ట్రాక్‌లో డుకాటీ రైడర్ కార్ల్ ఫోగర్టీ పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే డుకాటీవాళ్లకు ఆ సీటులోకి మనిషి కావాల్సి వచ్చి ఇతన్ని పిలిచారు. నాకు బేలిస్ అంటేనే ఇష్టం, అది ముందే చెప్పేస్తున్నా, తర్వాత పక్షపాతం అనకు.

ఇక 2002 సీజన్. మార్చిలో వాలెన్సియాలో మొదలైంది. వాలెన్సియా, ఫిలిప్ ఐలండ్, క్యాలమీ, ఒక్కో చోట రెండేసి రేసులు. ఆరింటికి ఆరూ బేలిస్‌వే! లగూనా సెకాలో మొదటి రేసు అయ్యేసరికి 17 రేసులు అయ్యాయి, అందులో 14 అతనివి. ఎడ్వర్డ్స్‌కు రెండు. ఎవడైనా సీజన్ అయిపోయిందనే అనుకుంటాడు కదా?

పాయింట్ల తేడా ఎంతో తెలుసా? 58. అంతే! నేను కాగితం మీద లెక్క వేసి చూశా. ఫస్ట్‌కి 25, సెకండ్‌కి 20. ఒకడు గెలిచి, ఇంకోడు వెనకాలే వస్తే తేడా అయిదు మాత్రమే. పన్నెండు గెలుపులు ఎక్కువున్నాయి కాబట్టి పన్నెండు అయిదులు అరవై. ఇంచుమించు సరిపోయింది చూశావా. ఎడ్వర్డ్స్ ఓడిపోయినప్పుడల్లా ఎక్కడో పదో స్థానంలో రాలేదు, వెన్నంటే వచ్చాడు. ఆ ఏడాది 26 రేసుల్లో 25 సార్లు పోడియం మీద, అంటే మొదటి మూడు స్థానాల్లో, నిలబడ్డాడు. రోజూ సాయంత్రం కొట్టు కట్టేసే ముందు చీటీ డబ్బులు పక్కన పెట్టేవాడిలా.

అయినా లెక్క తేలదు. మిగిలినవి తొమ్మిది రేసులు. తొమ్మిదీ ఎడ్వర్డ్స్ గెలిచినా, బేలిస్ రెండో స్థానం వదలకపోతే తొమ్మిది అయిదులు నలభై అయిదు. అంటే గెలుస్తూ పోవాలి, బేలిస్ ఎక్కడో జారాలి కూడా. లగూనాలో రెండోది ఎడ్వర్డ్స్ గెలిచాడు. బ్రాండ్స్ హాచ్‌లో రెండూ. జర్మనీలో ఓషర్స్‌లేబెన్‌లో రెండూ. నెదర్లాండ్స్‌లో ఆసెన్‌లో మొదటిదీ వాడిదే. అప్పుడు రెండో రేసులో బేలిస్ పడ్డాడు. పాయింట్లు సున్నా. ఏడాదంతా ముందున్నవాడు ఒక్క పాయింట్ వెనకబడ్డాడు. పడ్డాడని నాకు ఇప్పటికీ మనసులో కష్టంగానే ఉంటుంది.

సెప్టెంబర్ 29, ఇటలీలో ఇమోలా. డుకాటీ ఫ్యాక్టరీ ఉన్న బొలోనాకు దగ్గర, ఊరు ఊరంతా ఎర్ర జెండాలే. మొదటి రేసు ఎడ్వర్డ్స్ గెలిచాడు, బేలిస్ రెండు. రెండోది నిన్న మళ్లీ వేసుకుని చూశా, పొయ్యి మీద పాలు పొంగిపోయి మా ఆవిడ తిట్టేదాకా. ఒకడు దాటుతాడు, రెండో మలుపులో ఇంకోడు దాటుతాడు. ఫలితం తెలిసినా, ఇరవై ఏళ్లు దాటినా, టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయిరా. ఆ రేసూ ఎడ్వర్డ్స్‌దే, వరసగా తొమ్మిదోది. 552కి 541. ఒక పాయింట్‌కు రెండు అయిదులు కలిపితే పదకొండు, చూసుకో.

తర్వాత కథ భలే తిరిగింది. 2003లో ఇద్దరూ మోటోజీపీకి వెళ్లిపోయారు. ఎడ్వర్డ్స్‌కు అక్కడ ఒక్క రేసు కూడా దక్కలేదు. 2006లో ఆసెన్‌లో చివరి లాప్, చివరి మలుపుల్లో ముందుండి పడిపోయాడు. ఏ ఊళ్లో బేలిస్ పడ్డాడో అదే ఊళ్లో! అదే ఏడాది బేలిస్, గాయపడినవాడి బదులు ఒక్క మోటోజీపీ రేసు ఆడటానికి వాలెన్సియా వచ్చి, గెలిచేసి పోయాడు. సూపర్‌బైక్ కప్పు అతను మళ్లీ 2006లో, 2008లో తీసుకున్నాడు.

ఇక్కడ సంగతులంటావా, నా బండి చైన్ మళ్లీ సరిచేయించాలి. పోయినసారి చూపించిన చోట మెకానిక్ అసలు ఊగనంత బిగించి పెట్టాడు, కావలి దాకా వెళ్లొచ్చేసరికి గోల. మీ ఆర్‌ఎక్స్100 ఇంకా మీ నాన్న దగ్గరే ఉందా, అమ్మేశారా? అమ్మేస్తే నాకు చెప్పకు.

నీకో పని. ఆ పెద్దాయన బ్యాటరీ వేసే రోజు కనుక్కో. స్టార్ట్ చేసేటప్పుడు ఫోన్ సైలెన్సర్ దగ్గర కాకుండా ఇంజన్ దగ్గర పెట్టి రికార్డ్ చెయ్. దాని ఇంజన్ వాల్వులు తెరిచే క్యామ్‌లు చైన్‌తో కాదు, గేర్లతో తిరుగుతాయి, సన్నగా ఈల వేసినట్టు వినిపించాలి. అప్పటి డుకాటీ అయితే డ్రై క్లచ్, అంటే ఆయిల్‌లో మునగని క్లచ్, డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుంటుంది. ఆ ఈల వినిపించకపోతే మళ్లీ తీసి పంపు.

నీ,
బాబు